నాచు మందు

ఆ రోజుల్లో బీఎస్సీ చదివినోడు చెప్తే ఎవరికైనా ఇట్టే అర్థమైతదని నాకొక గట్టి నమ్మకం ఉండేది. కోదాడల ఒక పురుగుమందుల కంపెనీల కొత్తగ చేరిన. సముద్రపు నాచు నుంచి తీసిన రసం అమ్ముడు నా పని. పైరుకు వేరు పట్టించే, ఎండకు తట్టుకునే బలమిచ్చే పదార్థాలుంటయి అందుల. నీళ్లల్ల కలిపి ఆకుల మీద కొట్టాలె. (సముద్రాన్ని నేనప్పటికి ఫోన్లనే చూసిన.) ఒక్క పొలంలనన్న ఫలితం చూపిస్తేనే నౌకరి పర్మినెంటు, లేకుంటే ఇంటికే అని మేనేజర్ సార్ ముందే చెప్పిండు.

అనంతగిరి దిక్కు మా మేనమామకు వరి పొలం ఉండె. పోయి, "మామా, నాచు మందు తెచ్చిన, ఉత్తగనే ఇస్త, జర వాడి సూడు" అన్న. మామ మొఖం వెలిగిపోయింది. "మంచి టైముకొచ్చినవ్‌రా అల్లుడా! దానితోనే పరేషానైతున్న" అన్నడు. దేనితో పరేషాన్ అని అడగాలె గదా? అడగలే. నా చదువు మీద మామకెంత గౌరవమో అని పొంగిపోయి, అత్త పెట్టిన కోడికూర తిని బండెక్కిన.

కొన్నాళ్లకు సార్‌ను, ఊళ్లె రైతులను వెంటేసుకొని పొలం కాడికి పోయిన. గట్టెక్కి చూసిన. మడి నిండ నాచు, దుప్పటి పరిచినట్టు.

"మామా, ఆకుల మీద కొట్టలేదా?"

"ఆకుల మీదెందుకురా? పురుగుల మందు పురుగు మీద కొడ్తం, గడ్డి మందు గడ్డి మీద కొడ్తం. నాచు మందు నాచు మీదనే పోసిన! సచ్చుడు దేవుడెరుగు, పిలకలేసింది!"

రైతులు కడుపులు పట్టుకొని నవ్విన్రు. సార్ మాత్రం నవ్వలే. (అంతకుముందే మామ యూరియా గూడ సల్లిండట, నాచు బలిసిన పాపం దేనిదో ఎవరికెరుక.) ఇగ నా నౌకరి ఖతమే అనుకున్న. నిజంగనే ఏడుపొచ్చి మామ వెనక నక్కిన. మామ నా మొఖం చూసి, నవ్వు ఆపి, సార్ దిక్కు తిరిగిండు.

"సారూ, సంపుదామని పోస్తేనే నాచు గింత బలిసింది. సాదుదామని కొడితే వరి ఎంత బలుస్తదో మీరే సూడుండ్రి. నాకింకో డబ్బా ఇయ్యుండ్రి, ఈసారి పైసలిస్త."

వెనకనుంచి "నాకూ ఒకటి" అని ఒకాయన, "నాకూ" అని ఇంకొకాయన. అప్పుడు నవ్విండు సార్.

ఇప్పుడు సూర్యాపేట, మిర్యాలగూడ దిక్కు కొత్త పోరగాళ్లకు అమ్ముడు నేర్పేది నేనే. "నాచుతోని చేసిన, పైరుకు బలమిచ్చే మందు" అని పూర్తిగ పలికిస్త. మైకిస్తే గంటసేపు వదల. అయినా అల్లుని కొలువు కోసం ఆ గట్టు మీద మామ అన్న మాట లాంటిది, ఇన్నేండ్లైనా నా నోటికి ఒక్కటి రాలే. ఇస్త్రీ అంగీ తొడుక్కొని మామ వెనక నక్కిన ఆ పోరడు యాదికొస్తే మాత్రం, మీటింగు నడుమనే నవ్వొస్తది.