మూత తీసిన సార్లు

గణాంక శాఖలో ముప్పై మూడేళ్లు పనిచేసి రిటైరైనవాణ్ణి కనుక, కొలవనిదేదీ నేను నమ్మను. ఒక ఆదివారం సాయంత్రం మా మేనకోడలు కొత్తపేటలోని మా ఇంటికి నాలుగు గాజు జాడీలు తెచ్చింది. దాంతో ఆ అపనమ్మకానికి చేతినిండా పని దొరికింది.

ఆమె ఎమ్మెస్సీ విద్యార్థిని. రావులపాలెం మార్కెట్లో అమ్ముడుపోక మెత్తబడిన చక్కెరకేళి పళ్లను ఉడికించి, వడగట్టి, ఆ తీపినీళ్లలో నల్లబూజు విత్తనం వేసింది. బూజు పైన చాపలా పరుచుకొని, చక్కెరను తిని, సిట్రిక్ ఆమ్లాన్ని విడుదల చేస్తుందట. మనం కొనే నిమ్మఉప్పు అలాగే తయారవుతుందట. ఆ కంపును హాస్టలువారు సహించలేదు. పై సోమవారానికి నివేదిక ఇవ్వకపోతే ఆమెకు ఏడాది పోతుంది.

"మావయ్యగారూ, శనివారం నేనొచ్చేదాకా మూతగుడ్డ కదపకండి. గాల్లోంచి వేరే బూజు పడిందంటే మొత్తం పోతుందండి."

"ఆయ్, అలాగే," అన్నాను.

కానీ ఆమ్లాన్ని కొలిచే కాగితాల పొట్లం నా బల్లమీదే వదిలి వెళ్లింది. అది ఆమె చేసిన మొదటి పొరపాటు. తేదీతో సహా నమోదు చేశాను. సోమవారం నుంచి శుక్రవారం వరకు, ఉదయం ఆరు మొదలు రాత్రి పది దాకా, రెండు గంటలకొకసారి గుడ్డ తీసి కొలిచాను. నాలుగో జాడీ కనబడలేదు. "కనబడుట లేదు" అని నలభై ఐదుసార్లు రాశాను. ఎవరినైనా అడగాలన్న నిబంధన లేదు కదా.

శనివారం ఆమె వచ్చేసరికి మూడు జాడీల్లోనూ ఆకుపచ్చ బూజు పచ్చిక బయలులా వర్ధిల్లుతోంది.

"ఎన్నిసార్లు తీసేరండీ?"

"ఒక్కొక్కటి నలభై ఐదు," అన్నాను, పుస్తకం చూపిస్తూ. ఒక్క గడి ఖాళీ లేదు.

ఆమె కుర్చీలో కూలబడింది. వంటింట్లోంచి మా ఆవిడ కేక వేసింది.

"నాలుగోది ఆదివారమే అటకెక్కించేనే! మీ మావయ్యగారి చెయ్యి నాకు తెలీదా? దోసెల పిండిలోనే థర్మామీటరు ముంచేరు."

దించి చూస్తే, నల్లని చాప చెక్కుచెదరకుండా ఉంది. కాగితం ముంచితే ఎర్రబడి, రెండు దగ్గర ఆగింది; అంకె ఎంత తగ్గితే ఆమ్లం అంత ఎక్కువట.

"ఒక్క జాడీకే మా సారు ఒప్పుకోరత్తయ్యా. పోల్చడానికి ఇంకోటుండాలి," అంటూనే ఆమె నా పుస్తకం వైపు చూసింది. "మావయ్యగారూ, అదోసారి ఇలా ఇవ్వండి."

సోమవారం నివేదిక ఆమోదం పొందింది. అందులో ఒక పట్టికకు శీర్షిక "మూత తీసిన సార్లు". దాని కింద నలభై ఐదు, నలభై ఐదు, నలభై ఐదు, సున్న. ఆమ్లం ఆ సున్న ఎదుటే ఉంది.

అంకెలు రెండుసార్లు సరిచూశాను. తప్పేమీ లేదు.