ఆమె ఒప్పుకోని మాట

ముదిగుబ్బ మండలాఫీసు ముందు నేను అర్జీలు రాసే రోజుల్లో ఒకామె వచ్చేది. కరువుకు గొర్రెలను తోలుకొని బళ్లారి వైపు పోయిన ఆమె మొగుడు మూడేళ్లయినా తిరిగి రాలేదు. ఇంట్లో ఆమె ఒక్కతే. వితంతువని రాస్తే పింఛను వస్తుందన్నాను. ఆమె ఏ మాట విన్నా కొంగు కొన పళ్లతో పట్టుకొని ఆలోచించేది.

"సచ్చినాడని ఎవురు జెప్పినారన్నా?"

"పోనీ, ఎదురుచూస్తా ఉండావని రాస్తా."

"ఎదురుచూస్తే వాకిట్లో కూసుంటా గదన్నా. నేను కూలికి పోతాండా."

"మరి నీ మనసులో ఉండేదాన్ని ఏమని రాయాలమ్మా?"

"దినామూ సంగటి కెలికి రెండు ముద్దలు చేస్తాండా. అట్లే రాయి."

అట్లే రాశాను. గుమాస్తా చదివి నవ్వాడు. దీనికి ఫారంలో గడి లేదని అర్జీ వెనక్కి విసిరేశాడు. గడి గీయడం చేతకానివాడికి నవ్వే హక్కు ఎవరిచ్చారో!

పింఛను రాలేదు. వితంతువనే రాసెయ్యమని ఆమె ఏనాడూ అనలేదు.