అమ్మ పోయని తట్టెడు మట్టి

ఈ ఉదయం బడి అరుగు మీద కూర్చుని పిల్లల పలకలు దిద్దుతుంటే, బయట రోడ్డు మీద కొత్తగా పరిచిన ఎర్ర కంకర మీద కూలీలు కుండలతో నీళ్లు చల్లుతున్నారు. ఎండకు కాగిన కంకర నీళ్లు తాగేటప్పుడు ఒక వాసన లేస్తుంది. అది తొలకరి వాసనా కాదు, కొత్త కుండ వాసనా కాదు, రెంటికీ మధ్య ఎక్కడో ఉంటుంది. అది ముక్కుకు తగిలాక నా కంటికి పలకలు ఆనలేదు. తొమ్మిదేళ్ల పిల్లనై, నెత్తిన గంజిముంత పెట్టుకుని, మా అమ్మ రూతమ్మ మట్టి మోస్తున్న చోటికి నడిచిపోతున్నట్టే ఉంది.

అప్పటికి మా పల్లెకు రోడ్డు లేదు. ఉన్నది బండ్లబాట. ఇళ్లకంటే జానెడు పల్లంగా, ఎండాకాలం చీలమండ లోతు దుమ్ముతో, వానాకాలం మోకాటి లోతు నీళ్లతో ఉండేది. పెద్దవాళ్లు ఆ బాటను తిట్టుకోని రోజు లేదుగాని, పిల్లలకు అదే లోకం. వేసవిలో ముంజెలు తిని ఆ కాయలకు పుల్ల గుచ్చి బండ్లు చేసి ఆ దుమ్ములో పరుగులు తీసేవాళ్లం. శీతాకాలం పొద్దున్నే కాల్చిన తేగలు ఒళ్లో పోసుకుని దాని ఒడ్డునే ఎండకు కూర్చునేవాళ్లం. క్రిస్మసుకు అమ్మ వండిన బూరెలు పక్క పల్లె చుట్టాలకు ఆ బాటనే మోసేవాళ్లం. వానలు పట్టాయంటే తూర్పున చేలల్లోని నీరంతా మా ఇళ్ల మధ్యగా వచ్చి, బాట దాటి, అవతల మురుగుకోడులో పడేది. ఎంత వాన పడ్డా ఒక పూటలో దిగిపోయేది.

కాలవలు వచ్చి ఊళ్లు పచ్చబడ్డాక, ధాన్యం బండ్లు పడవల రేవుకు చేరడానికి మంచి రోడ్డు కావాలన్నారు. కోతలయ్యాక పని మొదలైంది. వేసవికి కాలవలో నీళ్లు కట్టేయకముందే మెట్ట నుంచి కంకర పడవల మీద వచ్చి గట్టున కొండల్లా పడింది. మా పల్లె ఆడవాళ్లందరికీ మట్టి మోసే పని దొరికింది. నెత్తిన గుడ్డ చుట్టకుదురు మీద తట్ట, తట్ట నిండా మట్టి, వరస కట్టి నడుస్తూ పాటలు పాడుకునేవారు. మట్టిని గట్టిపరిచే దిమ్మిసల చప్పుడు పొద్దుటి నుంచి సాయంత్రం దాకా మా బడి పాకలోకి వినిపించేది. మిషను బడిలో ఉపాధ్యాయుడైన మా నాన్న ఆ చప్పుడుకు తగ్గట్టు మాచేత ఎక్కాలు చెప్పించేవాడు.

ఒకరోజు మధ్యాహ్నం నేను గంజి తీసుకువెళ్లేసరికి అమ్మ కొత్త కట్ట మీద ఖాళీ తట్టతో నిలబడి ఉంది. నడుమెత్తు లేచిన ఆ కట్ట మీంచి చూస్తే మా ఇళ్ల తాటాకు కప్పులు కాళ్ల కింద ఉన్నట్టు కనిపించాయి. అమ్మ తూర్పున చేలవైపు చూసింది, పడమట కోడువైపు చూసింది. గంజి తాగలేదు. తిన్నగా రోడ్డు పని చూసే ఓవర్సీరు గారి దగ్గరికి వెళ్లి, వానాకాలం నీళ్లు ఎటు పోతాయని అడిగింది. ప్లానులో రోడ్డు కింద నీళ్లు పోయే తూము ఊరి చివర మలుపు దగ్గర ఉందని, ఇక్కడ లేదని ఆయన చెప్పాడు. ఆ సాయంత్రం నాన్న చక్కటి అక్షరాలతో ఇంజినీరు దొరకు అర్జీ రాశాడు. దానికి జవాబు రాలేదు. కట్ట మాత్రం రెండు వైపుల నుంచీ మా పల్లె ముందుకు వచ్చేసింది.

ఇక మూడు గజాలు పూడిస్తే కలిసిపోతుందనగా, అమ్మ ఆ ఖాళీలో మట్టి పోయకుండా తట్ట పక్కన దించేసింది. వెనక వచ్చిన ఆమె కూడా దించింది. కాసేపటికి అక్కడ తట్టలన్నీ వరసగా కూర్చున్నాయి.

ఓవర్సీరు గారు గొడుగు వేసుకుని వచ్చాడు. చెడ్డవాడు కాదుగాని, ప్లాను దాటి అడుగు వేసే మనిషి కాదు. రేపటి నుంచి ఎవరూ పనికి రావద్దన్నాడు.

అమ్మ గొంతు పెంచలేదు. "మా ఇళ్లు మునిగితే మునుగుతాయండి బాబూ, మళ్లీ కట్టుకుంటాం. తవరి రోడ్డు తెగిపోద్దండి. ఈ నీళ్లకి దారి ఇదేనండి," అంది.

ఆయన వెళ్లిపోయాడు. నాలుగు రోజులు పని లేదు. మూడో రోజు పక్కింటి సుందరమ్మ మా గుమ్మంలోకి వచ్చి, పిల్లలకు ఏం పెట్టమంటావని అమ్మను నిలదీసింది. అమ్మ లోపలికి వెళ్లి, మా కుండలో ఉన్న నూకల్లో సగం ఆమె చెంగులో పోసింది. ఆ పూట మా గంజిలో మెతుకులు వెతుక్కోవలసి వచ్చింది.

నాలుగో రోజు, మృగశిర కార్తె ఇంకా రాకముందే, పట్టపగలే మబ్బు కమ్మి కుండపోతగా కురిసింది. వేరే ఊరి కూలీలను వెంటబెట్టుకుని అప్పుడే వచ్చిన ఓవర్సీరు గారు, అంతవరకు మా పల్లెలో అడుగు పెట్టని మనిషి, మా బడి చూరు కింద నిలబడ్డాడు. చేల నీరు గడ్డీ గాదమూ మోసుకుంటూ ఆ మూడు గజాల సందులోంచి బుసలు కొడుతూ పోయింది. పూడ్చేసిన చోట మాత్రం కట్టకు ఆనుకుని నిలిచి, పచ్చి మట్టిని పెళ్లలు పెళ్లలుగా లాగేసింది. ఆయన వాన వెలిసేదాకా ఆ కట్ట మీంచి చూపు తిప్పలేదు.

తరవాత అమ్మను పిలిచి మెల్లగా చెప్పాడు. "తూము వేయిస్తానమ్మా. కానీ కాలవ తిన్నగా రావాలి, వంకర పోతే పూడిపోద్ది. తిన్నగా అంటే మీ వంటపాక మీంచే."

నాన్న తల దించుకున్నాడు. అమ్మ మా వంటపాకను ఒకసారి పైనుంచి కిందికి చూసింది. "కుండలు బయట పెట్టవే," అంది నాతో. తనే నిచ్చెన వేసుకుని మొదటి తాటాకు లాగింది. పాక పక్కనే కాయలతో వంగి ఉన్న మునగచెట్టు కూడా పోవాలని తెలిసి నేను ఏడ్చాను. నన్ను ఎవరూ ఊరుకోబెట్టలేదు. ఆ సాయంత్రం పల్లెలో ప్రతి ఇంటా మునక్కాడలు, ఎండురొయ్యలు వేసి పులుసు కాచారు. సుందరమ్మ మాకూ ఒక ముంతతో తెచ్చి, అమ్మ పక్కన చాలాసేపు కూర్చుంది. ఆమె వెళ్లాక అమ్మ నరికిన మోడు మీద చెయ్యి వేసి నిలబడటం నేను చూశాను.

మర్నాటి నుంచి పల్లె పల్లెంతా కాలవ తవ్వింది. ఇటుకతో, సున్నంతో తూము లేచింది. మళ్లీ పాక వేసుకునే చోటు దొరికేదాకా మూడేళ్లు అమ్మ ఇంటి చూరు కిందే, పొగ కళ్లల్లో పడుతుంటే వండింది. ఒక్కనాడూ సణగలేదు.

అమ్మ పోయి చాలా కాలమైంది. ఓవర్సీరు గారు ఏ ఊరికి బదిలీ అయ్యాడో తెలియదు. ఏటా కంకర మీద కంకర పరిచి రోడ్డు ఇంకా ఎత్తయింది. తూము గోడలు పైకి కనిపించకుండా అందులో కూరుకుపోయాయి. మేము ముంజెకాయల బండ్లు తోలిన బాట ఎక్కడుండేదో చూపించమంటే చూపించలేను. నా బడిలో పిల్లలకు ఆ కాలవ దేవుడు తవ్వినట్టే లెక్క. పోయిన వారం ఒక సాయంత్రం పెద్ద వాన కురిసింది. మర్నాడు పొద్దున్నే పిల్లలందరూ పొడికాళ్లతో బడికి వచ్చారు.