గేటు కింద నుంచి వచ్చిన చేపలు

మా అరకులో ఇడ్లీ హోటల్ కనకమహాలక్ష్మి నోటికి జడవనివాళ్లు లేరు. అలాంటి మనిషి పెరట్లో చేపలు పెంచుతుందంటే కొత్తవాళ్లు నమ్మరు. చిటికెన వేలంత కూడా ఉండని, రాళ్లకు అతుక్కుని బతికే వాగు చేపలవి. నిలవ నీటిలో ఒక్క పూట కూడా బతకవు. అందుకే ఆవిడ సిమెంటు తొట్టెలోకి కొళాయి ఎప్పుడూ సన్నగా పారుతూనే ఉంటుంది.

"పులుసుకైనా రావు, ఇవెందుకే నీకు?" అని మొగుడు వరహాలరావు విసుక్కుంటాడు.

"నువ్వు మాత్రం పులుసుకొస్తావేటి? మేపతన్నాను కాదా?" అంటుంది.

హోటల్ వెనక వాగును పూడ్చేసి రిసార్టు వాళ్లు కార్లకు పార్కింగు కట్టుకున్నారు. వాగు ఊరుకుంటుందా? తొలకరి పడగానే పాత దారినే వస్తుంది. దిగువ పాయలోంచి ఎదురెక్కి వచ్చిన చేపలు, నీరు తగ్గగానే ఆ సిమెంటు మీద గిలగిల్లాడతాయి. ఏటా కనకమహాలక్ష్మి బకెట్టు పట్టుకుని పార్కింగు గేటు తోసుకుని వెళ్తుంది. పొడి చేత్తో పడితే ఒంటి జిగురు పోయి చస్తాయని, తడిపిన పాత చీరముక్కతో ఎత్తి తన తొట్టెకు చేరుస్తుంది.

ఈ ఏడు కొత్త మేనేజరు అడ్డం నిలబడ్డాడు. "ఇది ప్రైవేటు స్థలమండీ. పర్మిషన్ లేకుండా లోపలికి ఎవరూ రాకూడదు."

ఆవిడ తలెత్తలేదు. చేతిలో చేపను బకెట్లోకి జార్చింది.

"ఇవీ నీ గేటు కింద నుంచే వచ్చినాయి. ఈటినడిగినావేటి పర్మిషను? కాలు తియ్యి బేగి, నీ బూటు పక్కనొకటుంది."

మేనేజరు కాలు తీశాడు.