వినేవాడి పీట

దేవుడంటే నాకు కోపం ఉండేది కాదు. లేనివాడి మీద కోపమేమిటి అనుకునేదాన్ని. కంబదూరు హైస్కూల్లో పిల్లలకు భౌతికశాస్త్రం చెప్పి రిటైరైనదాన్ని. కారణం లేకుండా కాగితం ముక్క కూడా కదలదని ఏళ్ల తరబడి బోర్డు మీద రాసినదాన్ని. మా ఆయన మాత్రం వానలు అదను తప్పిన ప్రతి ఏడూ కిరాణా కొట్టు కట్టేసి, స్నానం చేసి, సాయంత్రం ఆంజనేయస్వామి గుడిలో పురాణం చదివేవారు.

మా వైపు అది పాత అలవాటే. వేరుశనగ వేశాక మబ్బులు మొహం చాటేస్తే ఊళ్లో పురాణం పెట్టిస్తారు. మొదలుపెట్టాక సగంలో ఆపకూడదు. చదివే మనిషికి ఎదురుగా ఒక పీట కడిగి, పసుపు రాసి, ఖాళీగా ఉంచుతారు. దేవుడు వచ్చి కూర్చుని వింటాడని. మండపం ఎంత కిక్కిరిసినా దాని మీద ఎవరూ కూర్చోరు.

"మీరు గొంతు చించుకోండి. బంగాళాఖాతంలో అల్పపీడనం పుడితేనే వాన వచ్చేది," అని ఏడిపించేదాన్ని.

"పుట్టనీలేవే. నేను చదువుతాండేది వినేవాని కోసం. వానది వాన ఇష్టం," అనేవారు కండువా దులుపుకుంటూ.

మొన్నటి శ్రావణంలో పురాణం సగంలో ఉండగానే ఆయన పోయారు. పొద్దున కొట్టు తలుపు తీస్తూ అక్కడే కూలబడ్డారు. పిల్లలు లేని ఇల్లు మాది. కర్మలు ముగిసి చుట్టాలు వెళ్లిపోయాక సాయంత్రాలు నా మీద పడ్డాయి. దీపాలు పెట్టే వేళకు గుడి మైకులో వినిపించే ఆ గొంతు లేదు. టీవీ పెడితే చిరాకు, ఆపితే భయం.

అలాంటప్పుడు ఊరి పెద్ద ఒకాయన వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. "టీచరమ్మా, పురాణం సగానికే నిలిచిపోయిండాది. ఊరికి మంచిది కాదు. చదివేకి ఇంగెవరూ లేరు. ఆయప్ప మొదలుపెట్టినేది నువ్వే ముగించల్ల."

"నాకు నమ్మకం లేదన్నా."

"నమ్మకం సంగతి మేము చూసుకుంటాంలే. నీకు చదివేకి వస్తాది గదా, అది చాలు."

నాకు నవ్వొచ్చింది. దేవుడి కోసం ఒప్పుకోలేదు. ఆ వేళప్పుడు ఇంట్లో ఉండలేక ఒప్పుకున్నాను.

మొదట్లో మండపం నిండేది. వేరుశనగ ఊడలు నేలలోకి దిగి కాయ కట్టాల్సిన వేళకు చెట్లు వాడిపోసాగాయి, జనం ఒక్కొక్కరే తగ్గారు. కొందరు కూలిపనికి బెంగళూరు బస్సెక్కారు. చివరికి పూజారి కూడా దీపం వెలిగించి తన ఇంటికి పోయేవాడు. మిగిలేది నేనూ, పీటా. ఖాళీ మండపంలో నా గొంతు నాకే పరాయిగా వినపడేది. అయినా చదివాను. ఒప్పుకున్న పని వదిలేయడం నాకు చేతకాదు.

చదవగా చదవగా ఒకటి గమనించాను. కొండలెత్తడాలూ సముద్రాలు దాటడాలే ఉంటాయనుకున్న పుస్తకంలో అడుగడుగునా ఎవరో ఒకరు దేవుణ్ణి నిలదీస్తున్నారు. బిడ్డ పోయిన తల్లి తిడుతుంది, రాజ్యం పోయినవాడు నిష్ఠూరాలాడతాడు. ఆ తిట్లను ఎవరూ కొట్టేయలేదు. ఇన్ని తరాలుగా భద్రంగా దాచి, దీపం పెట్టి మరీ చదివించుకుంటున్నారు.

ఒకరోజు, భర్త జాడ తెలియని రాణి అడవిలో కనపడినవాళ్లనల్లా ఆయన్ను చూశారా అని అడిగే ఘట్టం వచ్చింది. కాస్త చదివి ఆగిపోయాను. మా ఆయన పోయిననాడు నేను గట్టిగా ఏడవలేదు. ఎంత నిబ్బరమో అని అందరూ మెచ్చుకున్నారు కూడా. ఆ సాయంత్రం వెక్కి వెక్కి ఏడ్చాను. ఎదురుగా ఆ పీట, పసుపు రాసుకుని, తీరిగ్గా ఉంది. ఒళ్లు మండిపోయింది. "ఇన్నేండ్లు ఆయన చేత చదివించుకున్నావు గదా. ఏం చేసినావు ఆయన్ని? నీకు వినే యోగ్యత లేదు. లెయ్, లేచి పో!" అని అరిచి, పీట ఎత్తి గోడకు ఆనించాను. పుస్తకం మూసి బయటికి వచ్చేశాను.

బస్టాండు దాకా వచ్చాక కాళ్లు ఆగిపోయాయి. ఇప్పుడు నేను ఎవరిని లేచి పొమ్మన్నాను?

లేనివాడి మీద కోపమేమిటని అన్నది నేనే. మరి ఇదేమిటి? దుఃఖంలే అని సర్దిచెప్పుకున్నాను. కుదరలేదు. దుఃఖం మా ఆయన కోసం. కోపం ఆయన మీద కాదు, ఊరి మీద కాదు, నా మీదా కాదు. సూటిగా ఆ పీట మీద కూర్చున్నవాడి మీద. నా బుద్ధి ఒప్పుకోకముందే నా నోరు అతనితో పోట్లాటకు దిగింది. ఇది రుజువు కాదని నాకు తెలుసు. పరీక్షలో ఎవరైనా ఇలా రాస్తే సున్నా వేసేదాన్ని. అయినా ఆ క్షణాన, ఆ బస్టాండులో, లేడు అనే మాట నా నోట రాలేదు.

వెనక్కి వెళ్లాను. పీట కడిగి, దాని చోట దాన్ని పెట్టి, ఆపిన దగ్గర్నుంచి అందుకున్నాను. కొన్నాళ్లకు పురాణం ముగిసింది. వాన రాలేదు. కాయ పట్టని చేలలోకి గొర్రెలను తోలారు. వాన వచ్చి ఉంటే అల్పపీడనం అనుకుని ఊరుకునేదాన్నేమో.

నమ్మకం వచ్చినంత మాత్రాన ఇంట్లో ఒంటరితనం పోలేదు. అన్నం తినేటప్పుడు నా కంచానికి ఎదురుగా మా ఆయన పీట వేస్తాను, ఖాళీగానే. ఆయన కోసమా, ఆ వినేవాడి కోసమా అని ఎవరైనా అడిగితే చెప్పలేను. ఇద్దరిలో ఎవరొచ్చి కూర్చున్నా, రెండోవారు ఎక్కడని అడుగుతాను.