గాలి కోసం కొల్లేటికి

మా డాక్టరు గారు సూదిమందు పెట్టె మూసేసి, "ఇక నా దగ్గర కొత్త మందేమీ లేదమ్మా, ఊరు మార్చి చూడండి" అన్న రోజున ఈ ప్రయాణం ఖాయమైంది. ఉబ్బసం నాకు పన్నెండో ఏట పట్టుకుంది. ఇరవై రెండేళ్లుగా నేను చేయని వైద్యం లేదు. ఎఫిడ్రిన్ మాత్రలు మింగాను, అడ్డసరం కషాయం తాగాను, ఎవరో చెప్పారని ఉమ్మెత్తాకు చుట్ట కూడా కాల్చాను. బడిపంతులమ్మ చుట్ట కాలుస్తోందని మా వీధివాళ్లు నెల రోజులు నవ్వుకున్నారు. మొదట్లో అడ్రినలిన్ సూది పొడిస్తే అయిదు నిమిషాల్లో ఊపిరి తిరిగేది. ఈ ఏడాది రెండు పొడిచినా తిరగడం లేదు.

మేముండేది తాడేపల్లిగూడెంలో, బియ్యం మిల్లుల పక్కన. మావారు మిల్లులో గుమాస్తా. మిల్లులు ఆడినన్నాళ్లూ ఊక దుమ్ము వంటింటి గిన్నెల మీద కూడా పేరుకుంటుంది. నేను పడుకుని నిద్రపోయి రెండు నెలలైంది. కూర్చునే కునుకు తీస్తాను. దుమ్ము లేని చోట, నీళ్ల మధ్య నాలుగు రోజులు ఉండి చూడమని డాక్టరు గారి సలహా. అక్కడ ఊపిరి నిలిస్తే మావారు మిల్లు ఉద్యోగం మానేస్తారు, నేను కొల్లేటి లంకల్లో ఏదో ఒక బడికి బదిలీ అడుగుతాను. నిలవకపోతే ఇక వెళ్లి చూడడానికి మరో చోటు లేదు. నాలాంటి రోగితో ఆ దారిన వెళ్లాలనుకునేవారికి పనికొస్తుందని ఇదంతా రాస్తున్నాను.

మావారి గురించి ఒక మాట ముందే చెప్పాలి. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందన్నది ఆయన సిద్ధాంతం. పాలగిన్నె దగ్గరికి వచ్చిన పిల్లిని కూడా "వెళ్లండి" అని అదిలించే మనిషి. పన్నెండేళ్ల కాపురంలో ఆయన ఎవరినీ 'నువ్వు' అనగా నేను వినలేదు, నాతో సహా.

ఫిబ్రవరి నెల, ఉదయం ఆరు దాటాక పాసింజరు బండి ఎక్కాం. మూడో తరగతి టిక్కెట్టు మనిషికి ముప్పావలా పైచిలుకు. ఇంజను వెనక పెట్టెల్లో ఎక్కితే బొగ్గు పొగంతా మన ముక్కులోకే వస్తుంది. అందుకని ప్లాట్‌ఫారం చివరిదాకా నడిచి ఆఖరి పెట్టెలో కూర్చున్నాం. ఆ నడకకే నాకు పిల్లికూతలు మొదలయ్యాయి. భీమడోలు దాటేవరకు తడిగుడ్డ ముక్కుకు అడ్డం పెట్టుకుని, కిటికీ మూయించి, ఒక్క మాట మాట్లాడకుండా కూర్చున్నాను. ఏలూరులో దిగేసరికి ఎనిమిదయింది.

స్టేషను బయట కాఫీ హోటల్లో పాలు లేకుండా చిక్కటి కాఫీ అడిగాను. అది నాకు కాస్త ఉపశమనం. వంటాయన లోపలినుంచి తల బయటికి పెట్టి, "పాలు మంచియ్యేనండీ, అనుమానం పెట్టుకోకండి" అన్నాడు. పాలను అనుమానించడం లేదని ఆయనకు నచ్చజెప్పడానికి మావారికి అయిదు నిమిషాలు పట్టింది.

అసలు పొరపాటు ఆ హోటలు ముందే జరిగింది. మేము దిగబోయేది ఒక లంక గ్రామంలో, వెంకటరత్నం గారింట్లో. చేపల వ్యాపారి, మా మిల్లులో బియ్యం కొంటుంటారు. పొద్దున్నే చేపలు దింపి తిరిగి వెళ్తున్న ఆ ఊరాయన ఒకరు అక్కడే ఎదురుపడ్డారు. ఆయనతో ముందుగా కబురు పంపుదామనుకున్నారు మావారు. కానీ ఉబ్బసమంటే క్షయ అనుకుని ఇల్లివ్వనివాళ్లను మేము ఇదివరకు చూశాం. అందుకని మావారు మాటను మెత్తబరిచారు.

"మా ఆవిడకు కాస్త గాలి ఇబ్బందండీ. ఒక గది చూసి ఉంచమని వెంకటరత్నం గారితో చెబుతారా?"

"గాలేనాండీ? అయ్యో పాపం. మరేం పర్లేదండీ, ఆరి అమ్మగారు పేరమ్మగారున్నారు కదండీ. అన్నీ ఆవిడే చూసుకుంటారు" అని ఆయన నావైపు జాలిగా చూసి వెళ్లిపోయారు. పెద్దావిడ ఉంటే మంచిదే అనుకున్నాను.

ఏలూరు నుంచి కొల్లేటి ఒడ్డుకు జట్కా రెండు రూపాయలకు కుదిరింది. జట్కాల్లో గోనెపట్టా కింద మెత్తగా ఉండడానికి ఎండుగడ్డి పరుస్తారు. ఆ గడ్డి దుమ్ము నాకు విషం. దాన్ని తీసేయమంటే బండాయన చిన్నబుచ్చుకున్నాడు. "గడ్డి తీసేత్తే మీ నడుం ఇరిగిపోద్దండీ, తర్వాత నన్ననకండి" అన్నాడు. "నడుం విరిగితే కట్టు కట్టించుకుంటాను బాబూ, ఊపిరి విరిగితే కట్టేవాళ్లు లేరు" అన్నాను. ఆ వాక్యానికి మూడుసార్లు ఆగాల్సి వచ్చింది. అతను గడ్డి దింపేశాడు. కంకర రోడ్డు మీద రెండు గంటలు నడుం నిజంగానే విరిగింది.

పదిన్నరకు ఒడ్డు చేరి, రూపాయికి మాట్లాడుకుని దోనె ఎక్కాం. దోనె నడిపే ఆయన గెడ వేస్తూ తుంగ దాటించి నడి కొల్లేటిలోకి తెచ్చాడు. నాకొక అలవాటు ఉంది. ఊపిరి ఎంత ఉందో తెలుసుకోవడానికి పదమూడో ఎక్కం ఒక్క గుక్కలో చదువుతాను. ఇంట్లో ఈ మధ్య పదమూడు రెళ్లు దాటలేదు. ఆ నీళ్ల మధ్య, గూడబాతులు గుంపుగా ఈదుతున్న చోట, పదమూడు పదులు నూట ముప్పైదాకా చదివాను. మావారు ముఖం అటు తిప్పుకుని కళ్లు తుడుచుకున్నారు. బదిలీ అర్జీ ఏ అధికారికి పెట్టాలో కూడా నేను లెక్క వేసేసుకున్నాను. ఆశ ఎంత సిగ్గులేనిదో!

ఒంటిగంటకు లంకలో దిగాం. వెంకటరత్నం గారి గుమ్మానికి వేపమండలు కట్టి ఉన్నాయి. అరుగు నిండా ఆడవాళ్లు. వెంకటరత్నం గారు మావారిని బయట కూర్చోబెట్టి మజ్జిగ ఇప్పించారు. డెబ్బై ఏళ్ల పేరమ్మగారు నా చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్లారు. గదిలో కిటికీకి గోనె అడ్డం కట్టి ఉంది. మధ్యలో కుంపటి, పక్కన సాంబ్రాణి, గుప్పెడు ఎండుమిరపకాయలు, ఒక కొత్త చీపురు. అవన్నీ చూసి నాకు విషయం అర్థమయ్యేలోపు వెనక తలుపు మూసేశారు.

వాళ్లకు అందిన కబురు వేరు. నాకు గాలి ఆడడం లేదన్నది ఆ ఊరికి చేరేసరికి నాకు గాలి సోకిందని అయిపోయింది. వాళ్లు దయ్యాన్ని వదిలించడానికి కూర్చున్నారు.

మిరపకాయలు నిప్పుల్లో పడ్డాయి. ఆ ఘాటు గొంతులోకి వెళ్లగానే ఛాతీ తలుపులు పడినట్టు మూసుకుపోయింది. లేచి గుమ్మంవైపు పరుగెత్తబోయాను. ఇద్దరు ఆడవాళ్లు నా భుజాలు పట్టుకుని కూర్చోబెట్టారు. "చూశారా, పొగంటే పడట్లేదు దానికి!" అన్నారెవరో. నేను ఎంత పెనుగులాడితే వాళ్లకు అంత నమ్మకం కుదిరింది. పేరమ్మగారు చీపురెత్తి, "ఎవతివే నువ్వు? ఏ ఊరిదానివి? చెప్పు!" అని గద్దించారు.

చెప్పాలనే చూశాను. నేను ఫలానా పంతులమ్మనని, ఇది రోగమని, తలుపు తియ్యమని. నోట్లోంచి "తా... తాడే..." అని మాత్రం వచ్చింది.

"తాడేపల్లిగూడెం దయ్యమే! పలుకుతోంది, ఇంకో నాలుగు కాయలెయ్యండే" అన్నారు పేరమ్మగారు.

బయటినుంచి మావారి గొంతు వినబడుతోంది. "ఏమండీ, కాస్త తలుపు తీస్తారా? ఆవిడకు పొగ పడదండీ." వెంకటరత్నం గారు "కంగారు పడకండి మేస్టారూ, పడట్లేదంటే కదులుతోందన్నమాటేనండీ" అంటున్నారు. మావారు మళ్లీ అడిగారు. ఈసారి "దయచేసి" కూడా చేర్చారు. నా గోళ్లు నీలంగా మారడం నాకే కనిపిస్తోంది. ఈయన మర్యాదకే నేను చచ్చిపోతాననుకున్నాను. ఆ క్షణంలో నాకు దయ్యాన్ని వదిలించేవాళ్ల మీద కంటే ఎక్కువ కోపం మొగుడి మీద వచ్చింది.

అప్పుడు తలుపు మీద కాలు పడింది. రెండో తాపుకు గడియ ఊడింది. "వదులు దాన్ని! ముసలిదానా, చంపేస్తున్నావు నువ్వు! వదలవే!" అంటూ లోపలికి వచ్చింది మావారే. ఆ గొంతు నేనెన్నడూ వినలేదు. ఆడవాళ్లు బెదిరి చేతులు తీసేశారు. ఆయన నన్నెత్తుకుని నీళ్ల ఒడ్డుకు తీసుకెళ్లి, వెంట తెచ్చుకున్న అడ్రినలిన్ సూది కాంపౌండరు దగ్గర నేర్చుకున్న పద్ధతిలో చేతికి పొడిచారు. పావుగంట తర్వాత రెండోది పొడిచారు. ఏదీ పని చేయలేదు. "ఇది గాలి కాదు, ఉబ్బసం, ఉబ్బసం" అని ఆయన ఊరందరికీ వినబడేలా అరుస్తూనే ఉన్నారు. పొద్దున ఆ మాట హోటలు ముందు చెప్పి ఉంటే సరిపోయేది.

ఎవరో నన్ను పడుకోబెట్టమన్నారు. "పడుకోబెట్టకండి" అని పేరమ్మగారు చేపల బుట్ట ఒకటి తెచ్చి నా ఒళ్లో బోర్లించారు. నా రెండు చేతులూ దాని మీద ఆనించి, తల ముందుకు వాల్చి, వీపు కిందినుంచి పైకి నిమరసాగారు. "లోపలికి లాక్కోకమ్మా, బయటికి వదులు. వదిలితే అదే వస్తాది" అని చెబుతూ కూర్చున్నారు. ఏ డాక్టరూ నాకు అలా కూర్చోవడం చూపించలేదు. వదలడం, వదలడం, వదలడం తప్ప ఇంకేమీ ఆలోచించలేదు నేను. మందు ఆలస్యంగా పని చేసిందో, బుట్ట పని చేసిందో, నా నూరేళ్లు నిండలేదో తెలియదు. నాలుగు దాటాక ఒక ఊపిరి పూర్తిగా వచ్చింది. దాని వెనక ఇంకొకటి వచ్చింది.

ఎండ తగ్గాక నేనూ పేరమ్మగారూ మాత్రమే ఒడ్డున మిగిలాం. మావారు విరగ్గొట్టిన గడియ బాగుచేయడానికి, అందరికీ పేరుపేరునా క్షమాపణ చెప్పుకోవడానికి వెళ్లారు.

"ఈ బుట్ట సంగతి మీకెలా తెలుసండీ?" అని అడిగాను.

"మా ఆయన దీని మీదే వాలి కూకునేవోరండీ. పిల్లికూతలు కూసేయి ఆయనకి. వానాకాలం వచ్చిందంటే తెల్లార్లూ అంతే." ఆవిడ నీళ్లవైపు తిరిగారు. "గాలన్నారండీ అందరూ. ఈ గదిలోనే పొగేశాం. తలుపుకేసి పరిగెత్తబోయారు. పట్టుకున్నది నేనేనండీ. నా చేతుల్లోనే పోయారు."

నేను బుట్ట మీదనుంచి తల ఎత్తాను.

"పంతులమ్మగారూ, మీరు చదువుకున్నోరు. మా ఆయనకి కూడా ఇదేనా అండీ?"

అప్పటికి నా దగ్గర ఒక పూర్తి వాక్యానికి సరిపడా ఊపిరి ఉంది. నిజం చెప్పడానికి అందులో సగం చాలు. "నాకు తెలియదండీ" అన్నాను. ఆవిడ నా ముఖంలోకి చూసి, తల ఊపి, "ఏవన్నారు దాని పేరు? ఉబ్బసమా?" అని అడిగారు. పిల్లలు కొత్త మాట నేర్చుకున్నట్టు రెండుసార్లు పైకి అని చూసుకున్నారు.

మేము అనుకున్న నాలుగు రోజుల్లో మూడు ఉన్నాం. పేరమ్మగారు తన పొయ్యి వీధి చివరికి మార్చుకుని, కొర్రమీను పులుసు వండి పంపారు. మొదటి రెండు రాత్రులూ నేను పడుకునే నిద్రపోయాను. మూడో రాత్రి గడిచి తెల్లవారుతుంటే పొగ లేదు, దుమ్ము లేదు, నీళ్ల మీద మంచు తప్ప ఏమీ లేదు. అయినా ఆయాసం వచ్చింది. వచ్చి మధ్యాహ్నందాకా ఉంది. ఆ రోజే తిరుగు దోనె ఎక్కాం. దారిలో నేను ఎక్కం చదవలేదు, మావారు చదవమనలేదు.

నాకు సరిపడే ఊరంటూ ఒకటి ఎక్కడో ఉందని ఇన్నాళ్లూ నమ్మాను. లేదని తెలిసినందుకు ఏడ్చాను, అది దాచుకోను. ఇప్పుడు మళ్లీ గూడెంలోనే, మిల్లు పక్కనే ఉన్నాం. మిల్లు ఆడే గంటల్లో కిటికీలకు తడిగుడ్డ కడతాం. బుట్ట మీద వాలి ఊపిరి వదులుతాను. పాఠం చెప్పగలిగినంత చెప్పి, మిగతాది బోర్డు మీద రాస్తాను. రోగం లొంగలేదు, లొంగుతుందన్న ఆశ కూడా పెద్దగా లేదు. నన్ను నిజంగా చంపబోయింది మాత్రం అది కాదు. దాని పేరు చెప్పడానికి మేము పడిన సిగ్గు. కొల్లేటి ఒడ్డున ఒక ఇల్లాలు ఆ పేరు తెలియక ఏం పోగొట్టుకుందో విన్నాక నాకు ఆ సిగ్గు పోయింది.

ఈ దారిన రోగితో వెళ్లేవారికి ఒక్కటే సలహా. బయలుదేరేముందు మీ వెంట వచ్చే మనిషికి నాలుగు మాటలు బట్టీ పట్టించండి: ఈమెకు ఉబ్బసం, అంటుకోదు, పడుకోబెట్టవద్దు, పొగ వెయ్యవద్దు. దిగిన ప్రతిచోటా వాటిని మొదటి మాటగా, గట్టిగా చెప్పించండి. అవసరం పడ్డప్పుడు చెబుదామంటే, అప్పుడు మీకు గొంతు ఉండదు.