మూడుసార్లు అన్న మాట

"మీరు వదిలేసింది గొడవనా, నన్నా?"

హుసేన్‌బీ మొగుణ్ణి అడిగింది ఆ ఒక్క మాటే. దానికి జవాబు చెప్పలేక దస్తగిరి మూడున్నరేళ్ళు వేరే ఇంట్లో బతికాడు. కొట్టలేదు, తిట్టలేదు, ఇంకో ఆడదాని మొహం చూడలేదు. ఇంత మంచివాడి చేతిలో ఆమె బతుకు ఎట్లా నలిగిపోయిందో తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

ఇద్దరిదీ నరసరావుపేట పక్క. నూర్‌బాషాలు, దూది ఏకే కుటుంబాలవాళ్ళు. పేర్లు ముస్లిం పేర్లు, నోట్లో మాట తెలుగు. నమాజులో చదువుకునే నాలుగు అరబ్బీ ముక్కలు తప్ప ఇంట్లో ఎవరికీ ఉర్దూ కూడా రాదు. చదువుకుని పైకొచ్చి, డెబ్భై నాలుగులో డాలస్ చేరారు. అతను వంతెనలు డిజైన్ చేసే ఇంజనీరు, ఆమె ఆస్పత్రి ల్యాబులో రక్తపరీక్షలు చేసేది. పిల్లలు లేరు. ఉన్న ఇద్దరూ ఒకరి మాటకు ఒకరు అడ్డం తగులుతూ, నవ్వుకుంటూ బానే ఉన్నారు.

డెబ్భై తొమ్మిదిలో ఇరాన్‌లో అమెరికా వాళ్ళను బందీలుగా పట్టుకున్నాక ఆఫీసులో దస్తగిరిని అందరూ ఒకటే అడగడం మొదలుపెట్టారు, నువ్వు ఎవరి పక్షం అని. అప్పటిదాకా పండక్కి తప్ప మసీదు గడప తొక్కని మనిషి, అక్కసుతో వెళ్ళి లాండ్రీ షాపు పక్కన అద్దెగదిలో నడిచే మసీదులో కూర్చున్నాడు. అక్కడి హైదరాబాదు వాళ్ళు, ఉర్దూ రాని ముసల్మానేమిటయ్యా అని నవ్వారు. ఆ నవ్వు అతనికి గుచ్చుకుంది. ఇక చూడండి, గడ్డం పెంచాడు, ఉర్దూ నేర్చాడు, బయట మాంసం మానేశాడు. ఎవరూ వేలెత్తి చూపలేని ముసల్మాను కావాలని పంతం పట్టాడు.

ఎనభై నాలుగు అక్టోబరులో డాలస్ పక్కన కాపెల్‌లో సుమతి వాళ్ళు కొత్తింట్లో సత్యనారాయణ వ్రతం చేసుకున్నారు. సుమతి, హుసేన్‌బీ ఒకే ల్యాబులో పనిచేసేవాళ్ళు. ఆమె ప్రసాదం పెడితే హుసేన్‌బీ తినేసింది. తిరుగు ప్రయాణంలో ఫ్రీవే మీద మొదలైంది గొడవ.

"దేవుడి ముందు పెట్టింది ఎందుకు తిన్నావు?"

"మరి పేటలో పాతికేళ్ళు తిన్నాంగా, అప్పుడెట్టా అరిగిందండీ మీకు?"

"అప్పుడు తెలియదు. ఇప్పుడు తెలిసింది."

"సుమతి చేతిలోది కాదని ఎట్టా అనమంటారు? మీరైతే అనగలరా?"

ఇరవై మైళ్ళూ ఇదే గోల. ఇల్లు చేరేసరికి దస్తగిరికి విసుగు నషాళానికంటింది. స్టీరింగు మీద చెయ్యి కొట్టి, "వదిలేశాను! వదిలేశాను! వదిలేశాను! చాలా?" అని అరిచాడు. కారు దిగి లోపలికెళ్ళి చారన్నం తిని పడుకున్నాడు. ఆమె కూడా పడుకుంది. మన భాషలో దేన్ని వదిలేశామో విప్పి చెప్పే అలవాటు ఎవరికుంది? గొడవ వదిలేశాడు, అయిపోయింది అనుకుంది.

రెండు వారాల తర్వాత మసీదులో తలాఖ్ గురించి, మొగుడు ఏ భాషలోనైనా మూడుసార్లు అంటే చాలు, పెళ్ళి తెగిపోతుందని చెబుతుంటే దస్తగిరికి తన మాట గుర్తొచ్చింది. ఎవరైనా అడిగారా నాయనా నిన్ను? కారులో అన్న మాట ఎవరు విన్నారు? నోరు మూసుకుని ఇంటికి రావచ్చు కదా! రాలేదు. తనే మసీదులో నమాజు చేయించే హాఫిజ్ సాబ్ దగ్గరికి వెళ్ళి, జరిగింది జరిగినట్టు చెప్పాడు.

హాఫిజ్ సాబ్ హైదరాబాదాయన, నెమ్మదస్తుడు. ఆయనకు తెలుగు రాదు. "మీ వాళ్ళలో భర్త తలాఖ్ ఇచ్చిన స్త్రీని ఏమంటారు?" అని ఉర్దూలో అడిగాడు. దస్తగిరి దాచలేదు. మొగుడు వదిలేసిన మనిషి అంటారని చెప్పాడు.

హాఫిజ్ సాబ్ అన్నాడు, "అయితే అదే మాట. కానీ నువ్వు ఆమె పేరు ఎత్తలేదు. ఆ మాట అన్నప్పుడు నీ మనసులో ఆమె లేదని, ఒక్క క్షణం కూడా లేదని, అల్లా మీద ప్రమాణం చెయ్యి. చేస్తే తలాఖ్ కానట్టే, ఇంటికి వెళ్ళిపో."

దస్తగిరి ప్రమాణం చెయ్యలేకపోయాడు.

ఇంటికొచ్చి ఆమెకు చెప్పాడు. అప్పుడు అడిగింది హుసేన్‌బీ ఆ ప్రశ్న. అతను తల వంచుకుని, "గొడవనే. కానీ మూడోసారి అన్నప్పుడు... ఇదంతా లేకపోతే బాగుండు అనిపించింది. ఇదంతా అంటే నువ్వు కూడానేమో. తెలియదు హుసేనూ. తెలియకుండా ఎట్టా ఒట్టేసేది?" అన్నాడు.

ఏ మొగుడికి అనిపించదండీ ఆ మాట? ఏ పెళ్ళానికి అనిపించదు? ఇంత నిజాయితీ ఎందుకు మనిషికి!

ఆ సాయంత్రమే రెండు సూట్‌కేసులు సర్దుకుని రోడ్డవతల అపార్ట్‌మెంట్‌కు మారాడు. ఆమె ఇంకొకరిని పెళ్ళాడి, అతనితో కాపురం చేసి, అతనూ విడిచిపెడితేనే మళ్ళీ తమకు పెళ్ళి చెల్లుతుందని ఎవరో అంటే, చెవులు మూసుకుని లేచి వచ్చేశాడు. హ్యూస్టన్‌లో ఒక పండితుడు మూడుసార్లన్నా ఒక్కసారి కిందే లెక్క, మళ్ళీ కలిసి బతకొచ్చు అంటాడట, వెళ్దాం రమ్మని హుసేన్‌బీ బతిమాలింది.

"నాకు నచ్చిన జవాబు దొరికేదాకా ఊరూరూ తిరిగితే, అది అల్లా మాటవుతుందా, నా మాటవుతుందా?" అన్నాడు.

సుమతి భర్త వాసుదేవరావు ఊరుకోలేక హుసేన్‌బీని ఒక లాయరు దగ్గరికి తీసుకెళ్ళాడు. లాయరు అంతా విని నవ్వు ఆపుకున్నాడు. టెక్సాస్‌లో కారులో అరిచినంత మాత్రాన ఎవరికీ విడాకులు రావమ్మా, నువ్వు నిక్షేపంగా ఆయన భార్యవి అన్నాడు.

"ఆ మాట మా ఆయనకి చెప్పమని కోర్టుని అడగొచ్చా?"

అడగొచ్చు గానీ లాభం లేదన్నాడు. దేవుడి ముందు ఎవరు ఎవరికి ఏమవుతారన్నది ఈ దేశంలో ఏ జడ్జీ ముట్టుకోడట. మీరు భార్యాభర్తలేనని మాత్రం కాగితం మీద రాసిచ్చాడు.

ఆ కాగితం పట్టుకుని ఆమె తిన్నగా హాఫిజ్ సాబ్ దగ్గరికి వెళ్ళింది. ఆయన శ్రద్ధగా చదివి, మడిచి, రెండు చేతులతో తిరిగిచ్చాడు. అక్కడే ఉన్న దస్తగిరి ఆయన ఉర్దూ మాటను తెలుగులో చెప్పాడు. "ఇది టాక్స్ ఆఫీసుకి పనికొస్తుంది చెల్లెమ్మా, అంటున్నారు."

నిజంగానే పనికొచ్చింది. ఏటా ఏప్రిల్‌లో ఇద్దరూ మొగుడూ పెళ్ళాల గడిలో గీత పెట్టి ఒకే ఫారం మీద సంతకాలు చేసేవాళ్ళు. మిగతా పదకొండు నెలలూ పరాయివాళ్ళు. శనివారం వచ్చి లాన్ కోసేవాడు. ఆమె వరండాలో గిన్నె పెట్టి జాలీతలుపు వేసుకునేది. "ఉప్పు సరిపోయిందా?" అని లోపల్నుంచి అడిగేది. "సరిపోయింది" అనేవాడు. ఎండాకాలంలో చెమటకు తడిసిన ఆ చొక్కా చూసి, తువ్వాలు అందించే వీలు కూడా లేక ఏడ్చేది. ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో ఆమెకు తెలిసేది కాదు. లాయరు చెప్పింది అబద్ధం కాదు. హాఫిజ్ సాబ్ చెడ్డవాడు కాదు. దస్తగిరి అయితే సరేసరి.

ఎనభై ఎనిమిది మే నెలలో ఒక మంగళవారం పొద్దున దస్తగిరి ఆఫీసులో గుండె పట్టుకుని కూలిపోయాడు. ఆఫీసు కాగితాల్లో భార్య అని ఆమె పేరే ఉంది, ఆమెకే ఫోన్ చేశారు. పరుగెత్తుకుంటూ వెళితే ఐసీయూ దగ్గర నర్సు ఆపింది. వైఫ్‌నని అనగానే తలుపు తెరిచింది.

అతను కళ్ళు తెరిచి చూశాడు. "నువ్వెట్టా వచ్చావు లోపలికి?"

"భార్యయితేనే రానిస్తారంట. భార్యనని చెప్పానండి."

అతని కంటి కొసన నీళ్ళు కారాయి. ఆమె ఉండబట్టలేక అతని చెయ్యి అందుకోబోయింది. అతను సూదితో సహా ఆ చేతిని దుప్పటి కిందికి లాక్కున్నాడు.

"వద్దు హుసేనూ. నా వల్ల నీకు పాపమెందుకు?"

చలేస్తుందేమోనని నర్సు ఇంకో దుప్పటి తెచ్చి కప్పింది. మధ్యాహ్నం రెండింటికి అతని ప్రాణం పోయింది.

సాయంత్రం అసర్ నమాజు వేళకు హాఫిజ్ సాబ్ నలుగురిని వెంటబెట్టుకుని వచ్చాడు. పొద్దుగుంకేలోగా ఖననం కావాలి. ఆస్పత్రివాళ్ళు భార్య సంతకం లేనిదే శవాన్ని ఇవ్వం అన్నారు. ఆయన కాగితం తెచ్చి, కళ్ళు నేలకు దించి, ఆమె ముందు బల్ల మీద పెట్టాడు.

హుసేన్‌బీ కలం తీసుకోలేదు. "భార్య చెయ్యాలంటున్నారు. నేనెవరిని హాఫిజ్ సాబ్?" అంది తెలుగులో.

వెంట వచ్చినవాళ్ళలో ఎవరో ఆయన చెవిలో ఉర్దూలో చెప్పారు. ఆయన, "పొద్దుపోతోంది చెల్లెమ్మా" అని ఆ మనిషి చేతే చెప్పించాడు.

సంతకం చెయ్యనంటే ఆ పూట ఆమెను దాటి పోగలిగే శక్తి ఆ దేశంలో ఎవరికీ లేదు. ఆ సంగతి ఆమెకు తెలుసు. దస్తగిరికి ఏది ఇష్టమో కూడా తెలుసు. కలం తీసుకుని, సంబంధం అన్న చోట భార్య అని రాసి, కింద సంతకం పెట్టింది.

వాళ్ళు అతన్ని తీసుకుని వెళ్ళారు. ఆమెను రమ్మని ఎవరూ అనలేదు.